చెవులు కోసే పంతులు

1347 ఫసలీ, అమర్‌దాద్ 1

ఉత్తర్వు వచ్చింది. చదువుల కచేరీ, అదే తాలీమాత్ దఫ్తరు, ముద్ర వేసి, ఉర్దూలో, రెండు వరుసల్లో తేల్చేశారు. ఆరేళ్ల లోపు పిల్లలకు తెలుగు బడి పెట్టుకోవచ్చు. షరతు ఒక్కటే. ఈ నెల ఇరవై ఎనిమిదిన బడుల మీది అధికారి మొహతమీం సాబ్ తనిఖీకి వస్తాడు. ఆ రోజున ఇరవై మంది పిల్లలు బడిలో కూర్చుని కనబడాలి. కనబడకపోతే ఇచ్చిన అనుమతి, ఇజాజత్, రద్దు. మళ్లీ మూడేళ్ల దాకా అర్జీ పెట్టుకోవడానికి వీల్లేదు.

నా దగ్గర చదివే పెద్ద పిల్లలందరినీ సర్కారు మదర్సా లాక్కుపోయింది. ఇక నాకు మిగిలింది ఈ పసివాళ్లే. ఇది కూడా పోతే కమ్మర్‌పల్లిలో మా బాపు పక్కన మగ్గంలో కూర్చోవాలి. కూర్చోవచ్చు, తప్పేం లేదు. కానీ నా చేత్తో నేసిన బట్ట ఎవరూ కట్టరు, ఆ సంగతి బాపుకు నాకంటే బాగా తెలుసు.

అయినా భయపడాల్సిందేం లేదు. నిజామాబాద్ సాలె గల్లీలో పిల్లలకేం కొదవ. పైగా అక్కడ నాకు మంచి పేరుంది. తల్లులు ఏ కష్టమొచ్చినా నా దగ్గరికే వస్తారు. బిడ్డ బువ్వ తినకపోతే చంకనేసుకుని రెండు గల్లీలు దాటి మా కిటికీ ముందుకు తెస్తారు. నేను లోపలి నుంచి గట్టిగా ఒక దగ్గు దగ్గి, మీసం దువ్వి, కళ్లు పెద్దవి చేసి చూస్తాను. బిడ్డ గబగబా తినేస్తుంది. చిన్న సాయం. ఇరుగుపొరుగన్నాక ఆ మాత్రం చెయ్యాలి.

ఇరవై మంది వారంలో వస్తారు. నా భార్య శ్యామలమ్మతో ఆ మాటే అన్నాను. ఆమె చేటలో బియ్యం చెరుగుతూ, "ఆఁ, వస్తరు" అంది. ఆ "ఆఁ" నాకు నచ్చలేదు.

అమర్‌దాద్ 3

సాలె గల్లీ వాళ్లకు నూలు అమ్మే రాజారాం తన నూలు కొట్టు ఖాళీ చేసి బడికి ఇచ్చాడు. గోడలకు సున్నం వేయించాను. తలకు రుమాలు చుట్టుకుని, కోటు తొడుక్కుని, మీసానికి నూనె రాసి సాలె గల్లీకి వెళ్లాను. పద్నాలుగు ఇళ్లు తిరిగాను.

ఒక్క ఇంట్లోనూ ఒక్క పిల్ల కనబడలేదు. మగ్గాలు ఆడుతున్నాయి, పొయ్యిల మీద అన్నం ఉడుకుతోంది, పిల్లలు మాత్రం లేరు. ఈ ఎండల్లో మామిడి తోటల వైపు పోయి ఉంటారు.

అమర్‌దాద్ 4

మామిడి తోటలకు పోలేదు.

ఇవాళ దేవవ్వ ఇంట్లో కూర్చుని మాట్లాడుతుంటే మగ్గం గుంటలోంచి తుమ్ము వినబడింది. వంగి చూశాను. ఆరుగురు ఉన్నారు. కిందా మీదా పడి, రెండు చేతులతో చెవులు మూసుకుని, కళ్లు గట్టిగా మూసుకుని. అందరికంటే కింద దేవవ్వ కూతురు గంగు, ఐదేళ్లది. నేను "బిడ్డా" అన్నాను. ఆ ఒక్క మాటకు ఆరుగురూ ఒకేసారి ఏడుపు ఎత్తుకున్నారు.

దేవవ్వ అత్త సత్తవ్వ గుమ్మంలో బీడీలు చుడుతూ తాపీగా అసలు సంగతి చెప్పింది.

"నువ్వు చెవులు కోస్తవని వాళ్లకు ఎరికాయె. నీ తాన సంచి ఉంటది. అండ్ల చెవులుంటయి."

"ఎవరి చెవులు?"

"బువ్వ తిననోళ్లయి."

నేను నమ్మలేదు. అడిగితే తెలిసింది, ఇంటికో పంతులు ఉన్నాడు. ఈ ఇంట్లో చెవులు కోస్తాడు. పక్కింట్లో, హన్మండ్లు అనే పిల్లవాడి ఇంట్లో, నాలుక మీద వాతలు పెడతాడు. తిరుపతమ్మ ఇంట్లోనైతే అల్లరి పిల్లలను పట్టుకుపోయి చీర అంచులో పెట్టి నేస్తాడు. ఆ ఇంటి పిల్లలు పెద్ద అంచు చీర కట్టుకున్న వాళ్ల దగ్గరికే పోరట, అందులో ఎవరున్నారో అని.

"ఇవన్నీ ఎవరు చెప్పారు సత్తవ్వా?"

"ఎవరు జెప్తరు? మేమే."

ఆమె మొహంలో సిగ్గు అన్నది లేదు. బీడీకి దారం చుట్టి పక్కన పెట్టి నావైపు చూసింది. "నువ్వేమో కిటికీల నిలవడి కండ్లు ఉరుముతివి. మేము దానికి నాలుగు మాటలు గలిపినం, గంతే."

నేను ఉరిమానట. నేను సాయం చేశాను.

అమర్‌దాద్ 6

తల్లులందరినీ సత్తవ్వ అరుగు మీద కూర్చోబెట్టి చెప్పాను. పిల్లలను బడికి తయారు చేయడమంటే పలక కొనడం కాదు. ముందు బడి పేరు చెప్పి బెదిరించడం మానాలి. ఇంట్లోనే కాసేపు అమ్మ కనబడకుండా ఆడుకోవడం అలవాటు చేయాలి. దించి వెళ్లేటప్పుడు దొంగలా జారుకోకూడదు, "పోయొస్త బిడ్డా" అని చెప్పి వెళ్లాలి. తల్లి ఏడవకూడదు. ఇదంతా నిన్న పొద్దంతా ఆలోచించి పెట్టుకున్నాను. బాగానే చెప్పాననుకుంటాను.

అంతా విని తిరుపతమ్మ అడిగింది. "గట్లనే గని పంతులూ, నువ్వు మంచోనివైతే మా పోరగాండ్లు బువ్వెట్ల తింటరు?"

అందరూ అవునన్నారు. ఒక బూచోడు ఊరికే పోతాడంటే వాళ్లకు దిగులు పట్టుకుంది. కొత్తవాణ్ణి ఎక్కడినుంచి తేవాలి.

అందరూ లేచి వెళ్లాక దేవవ్వ ఒక్కతే నిలబడింది. ఆమె భర్త సాయన్న బోధన్‌లో కొత్తగా కడుతున్న చక్కెర ఫ్యాక్టరీలో పనికి పోయి నాలుగు నెలలైంది. "ఆయన పోయినకాన్నుంచి పిల్ల బువ్వ ముడ్తలేదు. బాపు వస్తెనే తింటనంటది. నీ పేరు దీస్తెనే నాలుగు బుక్కలు లోపటికి పోతయి. నేనేం జెయ్యాలె జెప్పు" అంది.

చెప్పలేకపోయాను. ఇంత ఉపన్యాసం ఇచ్చినవాణ్ణి.

అమర్‌దాద్ 8

మీసం తీసేశాను. గల్లీ పిల్లలకు నేనంటే మీసమే. రుమాలు, కోటు పెట్టెలో పెట్టాను. అద్దంలో చూసుకుంటే ఎవరో చుట్టపాయన వచ్చి కూర్చున్నట్టుంది.

శ్యామల చూసి చేతిలోని చేట కింద పెట్టింది. తర్వాత, "ఏమయ్యా, మామ పాణంతోనే ఉండె గదా" అంది.

తండ్రి బతికుండగా కొడుకు మీసం తీయకూడదని నాకు తెలియదా. తెలుసు. కాలం మారింది.

అమర్‌దాద్ 9

కాలం మారలేదు.

పొద్దున్నే తిరుపతమ్మ ఏడుస్తూ వచ్చింది. ఆమె వెనక మరో నలుగురు. రాజారాం వచ్చి నా భుజం మీద చెయ్యి వేసి, "పెద్ద మనిషి, పుణ్యాత్ముడు" అన్నాడు. మా బాపు నిక్షేపంగా ఉన్నాడని ఎంత చెప్పినా వినరు. దుఃఖంలో ఉన్నవాడు అట్లాగే అంటాడట. మధ్యాహ్నానికి మూడిళ్ల నుంచి అన్నం వచ్చింది. శ్యామల దాన్ని వృథా చేయడం ఎందుకని వడ్డించింది. తిన్నాను.

సాయంత్రం తెలిసింది, పసుపు బండ్ల వాళ్లు ఆర్మూర్ మీదుగా పోతూ ఈ కబురు కమ్మర్‌పల్లికి పట్టుకుపోయారు.

అమర్‌దాద్ 11

మా బాపు బాలనర్సయ్య బండి దిగాడు. గడపలోకి రాకుండానే అడిగాడు. "కోడలా, నేను సచ్చిన్నా?"

"లేదు మామా" అంది శ్యామల.

"మరి ఆర్మూర్ల నన్ను సూసినోడు దయ్యమని ఉరికిండెందుకు? పెర్కిట్ల మా చెల్లె రొమ్ము గుద్దుకొని ఏడ్సిందెందుకు?"

అప్పుడు నా మూతి చూశాడు. తర్వాత నాతో మాట్లాడలేదు. ఏం కావాలన్నా శ్యామలను అడుగుతాడు. నేను నీళ్ల చెంబు ఇస్తే దాన్ని కింద పెట్టి, ఆమె తీసి ఇచ్చాక తాగాడు. బడి సంగతంతా శ్యామలకు చెప్పినట్టుగా ఆయనకు చెప్పాను. పిల్లలు భయపడుతున్నారని, అందుకే తీశానని. ఆయన పైకప్పు వైపు చూస్తూ విన్నాడు.

అమర్‌దాద్ 12

బాపు వెళ్లిపోయాడు. వెళ్లేముందు నేను బండికి గడ్డి సర్దుతుంటే నా వైపు వీపు పెట్టి ఎద్దుతో మాట్లాడినట్టు మాట్లాడాడు.

"నా కొడుకును గూడ గట్లనే భయపెట్టి తోలిన. నలుగురు పోరగాండ్లు కాళ్లు చేతులు వట్టుకొని బడికి మోసుకపోతుంటే, బాపూ బాపూ అని ఒర్లుకుంట పోయిండు. నేను మగ్గం గుంటల కూసోని ఏడ్సిన. వాడు వానికొక్కనికే భయమైందనుకున్నడు. నాకు గూడ అయింది. ఆ మాట వానికి ఎన్నడు జెప్పలె."

ఎద్దు ఏమీ అనలేదు. నేనూ అనలేదు. అనాల్సింది. బండి మలుపు తిరిగేదాకా నిలబడ్డాను.

అమర్‌దాద్ 13

వింత జరిగింది. మిరుగు కార్తెలో తొలి వాన పడింది. సాలె గల్లీ మొదట్లో నీళ్లు ఆగితే పిల్లలు ఆడుతున్నారు. నేను కండువాతో, బోడి మూతితో ఆ దారినే వెళ్లాను. ఎవరూ పారిపోలేదు.

వాళ్లు నన్ను గుర్తుపట్టలేదు. ఎట్లా పడతారు. నన్ను చూసినప్పుడల్లా కళ్లు మూసుకునే ఉన్నారు కదా.

సంచిలో బోధన్ బెల్లం ఉంది. సాయన్న పంపితే దేవవ్వ నాకో ముద్ద ఇచ్చింది, ఉత్తరం చదివిపెట్టినందుకు. తలా ఒక తునక పెట్టాను. "నువ్వెవరు?" అని హన్మండ్లు అడిగాడు. ఐదేళ్లవాడు, గొంతు మాత్రం పటేలు గొంతు. ఏం చెప్పాలో తోచక బెల్లం మామను అన్నాను.

అమర్‌దాద్ 15

ఎనిమిది మంది వచ్చారు. నూలు కొట్టును వాళ్లు బెల్లం మామ కొట్టు అంటున్నారు. అననీ. నేల మీద ఇసుక పోసి వేలితో గీతలు గీయించాను. చింతగింజలతో లెక్కలు. కండె మీద నూలు చుట్టే పాట వాళ్లకు ముందే వచ్చు, దానికి అ ఆ లు కట్టాను. ఇదే బడి అని వాళ్లకు తెలియదు. తల్లులకు తెలుసు గానీ చెప్పలేదు, వాళ్ల బూచోడు వాళ్లకు మిగిలాడు.

గంగు మిగతా వాళ్లకు దూరంగా గడప పక్కన కూర్చుంది. వెళ్లేటప్పుడు నా కండువా పట్టుకుని లాగింది.

"మామా, పంతులు గిక్కడికి వస్తడా?"

"రాడు."

"వస్తె?"

"వస్తే నిన్ను దాస్తాను."

"ఎక్కడ?"

"నా వెనక."

నా వెనక్కి వచ్చి నిలబడి, నేను ఎంత లావున్నానో కొలిచి చూసుకుంది. సరిపోతానని తేల్చుకుని వెళ్లింది.

ఆ మాట ఎందుకన్నానో. రేపు అందరికీ నిజం చెప్పేస్తాను.

అమర్‌దాద్ 16

చెప్పలేదు. ముగ్గురు కొత్తగా వచ్చారు. కొత్తవాళ్ల ముందు బాగుండదు.

అమర్‌దాద్ 17

వాన. రేపు చెబుతాను.

అమర్‌దాద్ 19

పద్నాలుగు. గంగు ఇవాళ తెచ్చుకున్న సద్ది విప్పి నా పక్కన కూర్చుని మొత్తం తిన్నది. ఎవరూ బెదిరించలేదు. మధ్యలో ఒక ముద్ద నాకు పెట్టింది. "మా బాపు గూడ గిట్లనే మూతి తుడుసుకోడు" అంది. నాకు కళ్ల నీళ్లు వచ్చాయి. పచ్చడి కారం అన్నాను.

ఇలాంటి రోజున ఆ సంగతి ఎత్తడం ఏం మర్యాద.

మూతి మళ్లీ నున్నగా గీయించుకున్నాను. రెండు రోజులకోసారి గీయించుకుంటున్నాను. మీసం లేకపోతే హాయిగా ఉంది, అంతే.

అమర్‌దాద్ 21

పొద్దుగూకే వేళ సత్తవ్వ ఇంటి వెనక నుంచి వస్తున్నాను. లోపల గంగు సతాయిస్తోంది. గోడ మీదుగా సత్తవ్వ నన్ను చూసి, "పంతులూ, ఒక్కపాలి" అంది.

దగ్గాను. అలవాటు.

లోపల ఏడుపు ఠక్కున ఆగిపోయింది.

అమర్‌దాద్ 22

శ్యామలకు చెప్పకుండా ఉండాల్సింది. "పొద్దుగాల మామవు, పొద్దుమీకి బూచోనివి. నీకన్న సత్తవ్వనే నయం. ఆమె ఒక్క తీరుగనే ఉంటది" అంది. తర్వాత అన్నం పెట్టింది గానీ పక్కన కూర్చోలేదు.

ఇవాళ గంగు వచ్చి, నిన్న పంతులు వాళ్ల గోడ దాకా వచ్చాడని అందరికీ చెప్పింది. ఎంత ఎత్తున్నాడో కూడా చెప్పింది. గోడ కంటే ఎత్తట. "మామా, నువ్వు మా ఇంటికాడ పండుకుంటవా?" అని అడిగింది. ఆ పిల్ల మొహంలోకి చూడలేకపోయాను. నాకు సిగ్గేసింది. ఇక్కడ రాసుకుంటున్నాను, ఎవరూ చూడరు కాబట్టి.

అమర్‌దాద్ 25

ఇరవై మంది. హన్మండ్లు తన తమ్ముణ్ణి ఈడ్చుకొచ్చి లెక్క పూర్తి చేశాడు.

ఇప్పుడు చెబితే ఇరవైలో ఎందరు మిగులుతారు? తనిఖీకి ఇంకా మూడు రోజులుంది. అది కాగానే చెప్పేస్తాను. ఇది మోసం కాదు, ముహూర్తం.

అమర్‌దాద్ 28

జరిగింది జరిగినట్టు రాస్తాను.

పొద్దున్నే ఇరవై మందీ వచ్చారు. తల్లులు కూడా ఉతికిన చీరలు కట్టుకుని వచ్చి బయట గోడ వెంట నిలబడ్డారు. పిల్లలను నాలుగు వరుసల్లో కూర్చోబెట్టాను. ఒక పెద్దాయన చూడటానికి వస్తాడు, ఆయనకు పాట పాడి వినిపిద్దాం అన్నాను.

మొహతమీం సాబ్ టాంగా దిగాడు. ఎర్రని రూమీ టోపీ, నల్ల కోటు, చేతిలో కర్ర. మీసాలు రెండు చెంపల మీదికి పాకి ఉన్నాయి. దారిలో తడిశాడేమో, గడపలో నిలబడి గట్టిగా ఒక దగ్గు దగ్గాడు.

అంతే. "పంతులొచ్చిండు" అని ఎవరో కేక పెట్టారు.

తర్వాత ఏ పిల్ల ఎటు పోయిందో చెప్పలేను. నలుగురు నా వీపు మీద ఉన్నారు. ముగ్గురు చాప కింద దూరారు. కొందరు నూలు బస్తాల వెనక, కొందరు ఒకరి వెనక ఒకరు, ఆ చివరివాడు నా వెనక. గంగు నా కండువా కప్పుకుని నడుముకు కరుచుకుంది. "దాసు మామా" అంది లోపలి నుంచి. ఆ పిల్ల గుండె కొట్టుకోవడం నాకు తగులుతోంది.

మొహతమీం సాబ్ ఖాళీ చాపలను చూశాడు.

"ఇరవై మంది అని రాశారు. ఒక్కరూ కూర్చుని లేరు. ముదర్రిస్ మార్కండేయ ఎక్కడ?"

"నేనే హుజూర్, ఈ పిల్లల పంతులును."

నా భుజం మీది నుంచి హన్మండ్లు తల బయటపెట్టాడు. "కాదు. గీయన బెల్లం మామ. పంతులువి నువ్వు."

మొహతమీం సాబ్ ఫైలు తెరిచి నా హులియా చదివాడు. చామనఛాయ, మనిషి ఎత్తు, పెద్ద మీసాలు. చదివి నా మొహం చూసి, మళ్లీ కాగితం చూశాడు. "ఈ మూతి ఇందులో లేదు" అన్నాడు. "ఒకరి పేరు మీద ఇంకొకరు కూర్చుంటే ఏమవుతుందో తెలుసు కదా. పెద్దవాళ్ల మాట నాకు అక్కర్లేదు. పిల్లలు అబద్ధం చెప్పరు." అటు తిరిగి గొంతు తగ్గించి అడిగాడు. "బేటా, ఈయన మీ పంతులేనా?"

"కాదు" అన్నారు. చాప కింద నుంచి, బస్తాల వెనక నుంచి, నా వీపు మీది నుంచి. ఇన్నాళ్లలో అందరూ ఒక్క గొంతుతో చెప్పిన మొదటి పాఠం అదే.

రద్దు రాయడానికి కలం మూత తీశాడు.

రుజువు నా దగ్గర ఉంది. ఒక్కసారి దగ్గి, కళ్లు పెద్దవి చేస్తే చాలు. పిల్లలు నన్ను పట్టేస్తారు. బిక్కచచ్చి వరుసల్లో కూర్చుంటారు కూడా. ఇరవై మంది, కూర్చుని, కనబడుతూ. దగ్గు గొంతు దాకా వచ్చింది. గంగు రెండు చేతులూ నా నడుము చుట్టూ ఉన్నాయి. నాకు చేతకాలేదు. మింగేశాను. కమ్మర్‌పల్లి మగ్గం కళ్ల ముందు కనబడింది.

అప్పుడు దేవవ్వ లోపలికి వచ్చింది. కొంగు నిండా కప్పుకుని, మొహతమీం సాబ్ వైపు చూడకుండా చెప్పింది. "ఆయన్నే పంతులు సాబ్. పిల్లలకు తెల్వదు. మేమే తెల్వనియ్యలె."

వచ్చి నా ముందు నేల మీద కూర్చుంది. కండువా ఎత్తింది.

"బిడ్డా గంగూ, చెవులు కోసే పంతులు లేడు. నేనే పుట్టిచ్చిన. మీ బాపు పోయినంక నువ్వు బువ్వ ముట్టకుంటె నాకు భయమైంది. నా భయం నీకు వెట్టిన. తప్పు నాది."

గంగు కదల్లేదు. గడపలోంచి సత్తవ్వ, "సంచి మాత్రం నాది. చెవులు దానియి" అంది. ఆ వెనక తిరుపతమ్మ మెల్లగా, "అంచుల నేసుడు నాది" అంది. హన్మండ్లు తల్లి వాతల సంగతి ఒప్పుకుంటూ ఏడ్చేసింది. చాప కింది వాళ్లు ఒక్కొక్కరే తలలు బయటపెట్టి తమ తమ తల్లులను చూస్తున్నారు. తల్లులను అంత పరీక్షగా చూడటం అదే మొదటిసారేమో.

గంగు నన్ను చూసింది. "నువ్వేనా?"

"నేనే."

"గోడకాడ దగ్గింది?"

ఇరవై మంది పిల్లల ముందు, తల్లుల ముందు, సర్కారు ముందు చెప్పాల్సి వచ్చింది. "అదీ నేనే."

"మరి నన్ను ఏ పంతులు సూడకుంట దాస్తనన్నవ్?"

ఆ పిల్ల నా కండువా వదిలేసింది. తల్లి చెయ్యి పట్టుకోకుండా, ఒక్కతే బయటికి నడిచింది. మిగతా వాళ్లూ ఒకరి వెనక ఒకరు వెళ్లారు. గడపలో నిలబడి మొహతమీం సాబ్ కర్రతో నేల మీద తడుతూ లెక్కపెట్టాడు. ఇరవై.

"కూర్చున్నా నడిచినా ఇరవై ఇరవయ్యే" అంటూ రాయడం ముగించి కాగితం నా చేతిలో పెట్టాడు. వెంటనే వెళ్లలేదు. టోపీ తీసి తుడుచుకుంటూ, "మా ఇంట్లో ఆ పంతులును నేనే" అన్నాడు. "నా టాంగా చప్పుడు వినగానే మా చిన్నవాడు పడుకున్నట్టు నటిస్తాడు. మూడేళ్లుగా వాడి కళ్లు తెరిచి ఉండగా నేను చూసింది తక్కువ." టాంగా ఎక్కాక మళ్లీ సర్కారు గొంతుతో, "మీసాలు పెంచండి. హులియా మారదు" అన్నాడు.

అమర్‌దాద్ 29

ఇజాజత్ ఖాయం. ఎవరూ రాలేదు.

అమర్‌దాద్ 30

ఎవరూ రాలేదు. కాగితం గోడకు అంటించాను. దాని ముందు కూర్చుని చింతగింజలు లెక్కపెట్టాను.

సాయంత్రం దేవవ్వ వచ్చింది. గంగు అన్నం తింటోందా అని అడిగాను. "తనే పెట్టుకొని తింటున్నది. నాతోని మాట్లాడ్తలేదు" అంది. మళ్లీ తనే, "మాట్లాడకుంటె మాట్లాడకపాయె, తింటున్నది గదా" అంది. ఇద్దరం దాంతో సరిపెట్టుకున్నాం.

ఇంటింటికీ వెళ్లి పిల్లలను పిలుచుకురావాలనిపించింది. సంచిలో బెల్లం ఇంకా ఉంది. వెళ్లలేదు. ఈసారి ఏ వేషంతో వెళ్లాలి.

షహ్రేవర్ 2

బాపుకు ఉత్తరం రాశాను. మీసం వస్తోందని, ఎద్దుతో చెప్పిన మాట నాకు అందిందని.

ఉత్తరం మడుస్తుంటే గడపలో నీడ కనబడింది. గంగు. ఒక్కతే. రమ్మనలేదు, బెల్లం తీయలేదు, నవ్వలేదు కూడా. నవ్వితే మళ్లీ ఏదో చేస్తున్నానని అనుకుంటుందేమోనని భయం వేసింది.

లోపలికి వచ్చి నా ఎదురుగా నిలబడింది. కళ్లు తిప్పకుండా చూసింది. ముందు నా కళ్లు, తర్వాత చెవులు, తర్వాత మూతి మీద కొత్తగా వస్తున్న మీసం. దాన్ని వేలితో ముట్టి చూసి, గరుకుగా ఉందని చెయ్యి వెనక్కి తీసుకుంది. సంచి అడిగింది. ఇచ్చాను. లోపల చెయ్యి పెట్టి ఒక్కొక్కటే బయటికి తీసింది. సుద్దముక్క, పలక, నా అద్దాల పెట్టె, బెల్లం. ఇంకేం లేవని బోర్లించి దులిపింది.

"పంతులంటె గింతేనా?" అంది.

"గింతే."

చాలా నిరాశపడింది. అంత పెద్ద పంతులు ఉండాల్సిన చోట ఇట్లాంటివాడు ఉంటే ఎవరికైనా అట్లాగే ఉంటుంది. ఆలోచించుకుని గడప దాకా వెళ్లి, గల్లీ మలుపు వైపు తిరిగి గొంతెత్తి పిలిచింది.

"గింతేనట. రాండ్రి."

పద్దెనిమిది మంది వచ్చారు. హన్మండ్లు తమ్ముడు ఇంకా ఆలోచిస్తున్నాడట.